పిడికెడు బియ్యం తిని చెప్పిన అబద్ధం

ఎన్నో ఏళ్ళుగా ఈ మాట నా గొంతులో ఉంది. మింగుడు పడదు, బయటికీ రాదు. ఎంతోమంది తమ పాపాలు నా దగ్గర ఏడుస్తూ చెప్పుకున్నారు. విన్నాను, ఓదార్చాను, వాళ్ళ కోసం ప్రార్థన చేశాను. నాది మాత్రం ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు అడగకండి.

అప్పట్లో పెద్ద యుద్ధం జరుగుతోంది. వడమాలపేట నుంచి కొండల వైపు నడిస్తే వచ్చే ఒక చిన్న పల్లెలో క్రైస్తవ సంఘానికి వాక్యం చదివి చెప్పే ఉపదేశిని నేను. మట్టిగోడల ప్రార్థన గుడి, చింతకొమ్మకు వేలాడదీసిన రైలుపట్టా ముక్కే గంట. పల్లె మొత్తానికి చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. గ్రంథం తెరిచి నేనేం చెబితే అదే దేవుడి మాట. ఆ సంగతి అప్పుడు నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది.

అక్కడొక ఆచారం ఉండేది. ప్రతి ఇంటి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. సంగటి తినే ఇళ్ళలో పిడికెడు రాగులు. ఆదివారం ఆ కుండలు గుడికి తెచ్చి నా గంపలో పోసేవాళ్ళు. మా ఇంట్లో పొయ్యి వెలిగేది దానితోనే. తిండిగింజలు దొరకని ఆ రోజుల్లో కూడా పిడికెడు తప్పేది కాదు.

ఆ ఇల్లాళ్ళలో దీనమ్మ ఒకతె. ఆమె భర్త చెంగయ్య, ఎద్దులతో నీళ్ళు తోడే కపిల బావులకు తోలు బానలు కుట్టేవాడు. దీనమ్మకు అక్షరం రాదు. కానీ ఒకసారి విన్న వాక్యం మరిచేది కాదు.

ఒక ఏడు పల్లెలోకి వాంతిభేది వచ్చింది. మొదటి చావు కబురు వినగానే, నా భార్యకు ఒంట్లో బాగాలేదని చెప్పి పుత్తూరు దగ్గర అత్తవారి ఊరికి వెళ్ళిపోయాను. నా భార్యకు ఏ జబ్బూ లేదు. నేను భయపడ్డాను, అంతే. ఇన్నాళ్ళూ దీనికి ఎన్ని పేర్లు పెట్టి చూసుకున్నా, చివరికి మిగిలే మాట అదే.

జబ్బు తగ్గాక తిరిగొచ్చాను. నేను లేని రోజుల్లో దీనమ్మ ఇల్లిల్లూ తిరిగిందట. గుడికని తీసిన పిడికెడు బియ్యంతో గంజి కాచి జబ్బున పడినవాళ్ళకు పోసిందట. చనిపోయేవాళ్ళ పక్కన కూర్చుని ప్రార్థన చేసిందట. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ఆ ఆదివారం ఒక ముసలమ్మ తన మనవణ్ణి ఎత్తుకుని నన్ను దాటి వెళ్ళి, "నువ్వొక మాట పెట్టమ్మా దేవునికి" అని దీనమ్మను అడిగింది. నా ముఖం మాడిపోయింది.

తరువాతి ఆదివారం ప్రసంగం చేశాను. దేవుడు మగవాణ్ణి ముందు చేశాడన్నాను. మగవాడికి ధైర్యమూ వాక్కూ ఇచ్చాడు, ఆడదానికి భయమూ మౌనమూ ఇచ్చాడు, ఎవరి స్వభావం వాళ్ళు దాటితే అది పాపమన్నాను. సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలనే చోట్లు వెతికి చదివాను. చదివినవన్నీ గ్రంథంలో ఉన్నవే. అదే నా తెలివి. ఆడదాని భయం గురించి చెబుతున్నప్పుడు, పారిపోయి వచ్చిన నా గొంతు కాస్తయినా వణకలేదు.

అందరూ వెళ్ళాక దీనమ్మ తన కుండ నా గంపలో ఒంపుతూ అడిగింది.

"అయ్యా, ఒక మాట అడగతా, కోపం జేసుకోవద్దు. అంత పెద్ద గ్రంథంలో యాడా ఆడది నోరు తెరిచి దేవుని మాట సెప్పిందే లేదా?"

గ్రంథం నా చేతిలోనే ఉంది. ప్రభువు ఖాళీ సమాధిని చూసి, ఆయన లేచాడన్న వార్త మగవాళ్ళ దగ్గరికి మొదట తెచ్చింది ఆడవాళ్ళేనని నాకు తెలుసు. చెట్టు కింద కూర్చుని జనానికి తీర్పు చెప్పిన స్త్రీ ఉందనీ తెలుసు.

"లేదు దీనమ్మా" అన్నాను.

"యాడా లేదా?"

"యాడా లేదు. ప్రార్థన జేసేదానికి మీ ఇంట్లో మొగోడు ఉండాడు. నువ్వు వింటే చాలు."

"సరే అయ్యా. తెలీక జేసినా. దేవుడు మన్నించల్ల" అని ఖాళీ కుండ కొంగుతో తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఎందుకలా అన్నాను? బియ్యం ఆమెకు పోతాయనా? కాదు. ఆమె నా చోటు అడగలేదు, అడిగే మనిషీ కాదు. పారిపోయింది నేను, నిలబడింది ఆమె. ఆ తేడా చూసి ఓర్చుకోలేక, దేవుడే మమ్మల్ని వేరుగా చేశాడని చెప్పి ఆయన వెనక దాక్కున్నాను. ఆరోజు నుంచి దీనమ్మ నోరు తెరవలేదు. పాటల్లో కూడా గొంతు కలిపేది కాదు.

మరుసటి ఏడు చెంగయ్యకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయి మాట పోయింది. నేను కొన్నాళ్ళు వెళ్ళి ప్రార్థన చేశాను. తరువాత ఉపదేశుల సభ ఉందని చిత్తూరు పోయాను. అప్పుడే అతనికి ముంచుకొచ్చింది. పక్కింటామె తరువాత నాకు చెప్పింది. చెంగయ్య ఎడమచేత్తో భార్య పెదవులు తాకి, మళ్ళీ మళ్ళీ పైకి చూపించాడట. ఆమె ఏడుస్తూ తల అడ్డంగా ఊపి, "అయ్యగారొస్తారు, ఉండు" అందట. మధ్యాహ్నం దాకా అతను ఆ చెయ్యి దించలేదట. మగవాడు పలకాలి, ఆడది వినాలి అని నేను చెప్పిన ఇల్లు అది. ఆ మగవాడికి మాట లేదు. ఆమెకు మాట ఉండీ నేను లేకుండా చేశాను.

నేను వచ్చేసరికి మట్టి చేసేశారు. దీనమ్మ నా గడప దగ్గరికొచ్చి నిలబడింది.

"ఆ మనిషి పోతావుంటే ప్రార్థన నాలిక మీదికి వొచ్చేసిందయ్యా. పండ్లు బిగబట్టి మింగేసినా. లోపల వొచ్చింది గూడా తప్పేనా?"

అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ చెబితే ఆమె భర్త చావును ఆమెకు ఇంకోలా చూపించాలి, నన్ను నేను ఆమెకు చూపించాలి. ఆమె తల మీద చెయ్యి పెట్టి, తప్పు కాదు, దేవుడు మన్నిస్తాడు అన్నాను. చెయ్యని పాపానికి ఆమెకు క్షమాపణ ఇచ్చాను నేను! ఆమె నా కాళ్ళకు దణ్ణం పెట్టింది. మొదటి అబద్ధం కంటే ఆ దణ్ణమే నన్ను ఎక్కువ తింటోంది.

ఆ ఆదివారం కూడా కుండ తెచ్చింది. ఒంటి మనిషి వంటలోంచి తీసిన పిడికెడు. అది వండుకుని తిన్నాను.

తరువాత నన్ను వేరే ఊరికి పంపారు. ఖాళీ సమాధి వాక్యం చదవాల్సిన పండగనాడల్లా ఆ ఆడవాళ్ళున్న చోటు గబగబా చదివేసేవాణ్ణి. దీనమ్మ పోయిందని చాలా ఏళ్ళకు తెలిసింది. మౌనంగానే పోయిందట.

నన్ను మన్నించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు, అడిగే ముఖమూ నాకు లేదు. రాస్తుంటే గొంతు కాస్త తెరిపిన పడింది, అంతవరకే. కానీ ఆమె అడిగినదానికి నిజమైన జవాబు ఒక్కసారైనా నా నోటితో చెప్పాలి. గది తలుపు వేసుకుని, ఇది రాస్తూనే పైకి చెబుతున్నాను.

ఉంది దీనమ్మా. గ్రంథంలో ఉంది. నాకు ఆరోజే తెలుసు.