రుజూ, రుజువు, రిజ్యూమ్

ఆ రోజుల్లో మనుషుల్లాగే మాటలు కూడా హైదరాబాదుకు కొత్తగా వచ్చి, ఒకరి ఇల్లనుకుని ఇంకొకరి తలుపు తట్టేవేమో అనిపిస్తుంది. మేము కోస్తా నుంచి వచ్చి నాంపల్లిలో ఒక పోర్షన్‌లో దిగాం. నేను బడి గడప తొక్కినదాన్ని కాను. నా ఇంగ్లీషంతా నాన్నగారు ఇంట్లో నేర్పిందే (ఆయనా పుస్తకాల్లో చూసి నేర్చుకున్నారే గాని, ఎవరి నోటా విని కాదు). ఆ కాస్త ఇంగ్లీషుతోనే, ఆంజనేయస్వామి దయవల్ల, గన్‌ఫౌండ్రీలో ఒక కంపెనీలో టైపిస్టు పని దొరికింది. టెంపరరీయే. నాన్నగారి చూపు మందగించాక ఇల్లు గడిచేది దానిమీదే.

చేరిన కొన్నాళ్లకే నాకు అమ్మవారు పోసింది. తల్లి చల్లబడి, తలకు నీళ్లు పోసుకున్న మర్నాడు మా హెడ్ క్లర్కు వచ్చాడు. మాటమాటకీ 'జర' అంటాడని ఆయనకు జర సారని నేను పెట్టుకున్న పేరు. అంటుకుంటుందేమోనని గేటు దగ్గరే ఆగి, "అమ్మా, జర వినుండ్రి! సోమారం రుజూ గావాలె. లేకుంటే మీ జాగల ఇంకొకరిని పెడతరట. జర యాదుంచుకోన్రి, రుజూ!" అని కేకేసి వెళ్లిపోయాడు.

"రుజువు కావాలిట!" అన్నారు నాన్నగారు, దిగులుగా.

అమ్మవారు పోస్తే డాక్టరు దగ్గరికి వెళ్లే ఆచారం మాకు లేదు. వేపమండ కట్టి దణ్ణం పెట్టుకోవడమే. మరి జబ్బు చేసిందని ఎవరు చెబుతారు? రుజువు అడిగారని మేం చెప్పగానే, పాతకాలపు హైదరాబాదీ అయిన మా ఇల్లుగలావిడ ధైర్యం చెప్పింది. "నేనొస్త బిడ్డా, ఫికర్ చెయ్యకు. మచ్చల కన్న రుజువేముంటది? పౌడర్ మాత్రం పూయకు."

సోమవారం ఇద్దరం వేపమండతో సహా రిక్షా ఎక్కాం. ఆబిడ్స్ దాటేదాకా నా పెదవుల మీద హనుమంతుడి నామమే.

"గీ వేపాకేందమ్మా?" అన్నాడు జర సారు.

"రుజువండీ."

"ఔ, రుజూ. పోయి మిషన్ కాడ కూసోన్రి."

"చూడకుండానేనా?"

ఇల్లుగలావిడ నా గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకు తిప్పింది. "మంచిగ చూడు సారూ! గీడ, గీడ! గిది రంగు పూసుకున్నదా?" ఆయన కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

గొడవకు మేనేజరుగారు బయటికొచ్చి, నన్ను చూసి, "రిజ్యూమింగ్?" అన్నారు. నా చెవికది 'రిజైనింగ్' అని తగిలింది. కళ్లనీళ్లు ఆగలేదు. "నో సార్! నేను చెయ్యను సార్!"

"చెయ్యరా? మరెందుకొచ్చారు?" ఆయన నాకంటే అయోమయంలో పడ్డారు.

జర సారు నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మా, మా ఉర్దూల రుజూ అంటే కొలువుల మల్ల చేరుడు. ఇంగ్లీషుల రిజ్యూమ్!" అంటూ నా మిషన్ మీద ఒక్కో అక్షరం కొట్టి చూపించాడు.

"అయ్యో, రెసూమా!" అని అరిచాను. కంటితో ఎన్నోసార్లు చదివిన మాటే! రెసూమ్ అంటే ఆగినచోటి నుంచి మళ్లీ అందుకోవడం. వాన వెలిశాక ప్రయాణం రెసూమ్ చేసిరి, అని నాన్నగారు వాక్యం కూడా చెప్పించారు.

"గట్లయితే నన్నెందుకు తోలుకొచ్చినవే?" అంది ఇల్లుగలావిడ, వేపమండ నా చేతిలో పెట్టి. ఆవిడ మేలు ఈనాటికీ మరవలేదు.

ఇప్పుడు, ఈ వయసులో, పారాయణం మధ్యలో నాకు కునుకు పడుతుంది. మెలకువ రాగానే ఎక్కడ ఆపానో వేలితో వెతుక్కుని, 'రెసూమ్' అనుకుంటాను, నాన్నగారు పలికినట్టే. నిద్ర పట్టిందంటే స్వామి ఇంతవరకూ రుజువు అడగలేదు.