నాకా కాడి బాలింతలు

మా మేనత్త పిచ్చమ్మ నవ్వగా నేను ఎన్నడూ చూడలేదు. నవ్వంటే ఆమె లెక్కలో ఒక జబ్బు, అందులోనూ బాలింతలకు ప్రాణం మీదికి తెచ్చే జబ్బు. సూర్యాపేటలో ఏ ఇంట కాన్పయినా మంత్రసాని చేతులు కడుక్కున్న దగ్గర మా అత్త పని మొదలయ్యేది. కాయం తినిపించడం, కడుపుకు గుడ్డ చుట్టి బిగించడం, మంచం కింద కుంపటి పెట్టడం, సాంబ్రాణి పొగ వేయడం, చెవుల్లో దూది కుక్కడం అన్నీ ఆమే చేసేది. బాలింత చల్లనీళ్ళు ముట్టకూడదు, గాలికి కూర్చోకూడదు, అన్నిటికన్నా ముఖ్యంగా నవ్వకూడదు. నవ్వితే కట్టు వదులై కడుపు జారుతుందని ఆమె నమ్మకం. ఆమె వస్తోందని తెలిస్తే ఆ ఇంటి మగవాళ్ళు కూడా ఎవరో పోయినట్టు మొహాలు పెట్టుకుని కూర్చునేవారు.

ఆ కాయం గురించి కూడా చెప్పాలి. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము, ఇంకా ఆమె ఎవరికీ పేరు చెప్పని వేర్లు ఏవో దంచి, పాత బెల్లం పాకంలో నెయ్యీ నువ్వులనూనే పోసి నల్లగా నిగనిగలాడేదాకా తిప్పేది. ఉసిరికాయంత ముద్ద మింగితే నెత్తిన చెమట పట్టేది. కాయం తిన్నవాళ్ళు ఎవరైనా సరే పథ్యం చేయాల్సిందే, చేయకపోతే సన్ని కమ్మి ప్రాణం పోతుంది. ఈ 'ఎవరైనా సరే' అన్న మాట జ్ఞాపకం పెట్టుకోండి. ఒకసారి మా ఇంటి పిల్లి కాయం గిన్నె నాకితే దాని కడుపుకూ గుడ్డ చుట్టి కుంపటి దగ్గర పడుకోబెట్టింది. అది గండుపిల్లి.

ఊరందరి కూతుళ్ళనూ లేపి నిలబెట్టిన ఆమెకు ఉన్నది ఒక్కతే కూతురు, పద్మమ్మ. కోదాడకు ఇచ్చారు. తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకొద్దామని బండి కడుతుండగానే నెలలు నిండకుండా అక్కడే నొప్పులొచ్చాయి. బిడ్డ దక్కలేదు. చూసుకునే చెయ్యి లేక పద్మమ్మ కూడా చలిజ్వరంతో చావుదాకా వెళ్ళి వచ్చింది. అందరి బిడ్డలకూ కట్టు కట్టి నా బిడ్డకు కట్టలేకపోతిని అని మా అత్త మా అమ్మ దగ్గర ఒక్కసారి ఏడ్చిందట. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కానీ ఆ తర్వాత నుంచే ఆమె పథ్యాలు మరీ కఠినమయ్యాయని మా అమ్మ అనేది.

రెండో కాన్పు నలభై ఎనిమిది ఎండాకాలంలో వచ్చింది. అవి ఎట్లాంటి రోజులో పెద్దవాళ్ళను అడగండి. పగలు ఒకరికి భయపడాలి, రాత్రి ఇంకొకరికి భయపడాలి. సరిహద్దు అవతలి నుంచి సరుకు రాక బెల్లం, నెయ్యి కంటికి కనబడడం మానేశాయి. నిండు చూలాలిని ఆ దారిన తీసుకురావడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. కబురు మాత్రం వచ్చింది. ఆడపిల్ల పుట్టింది, పిల్ల బాగానే ఉంది, తల్లికి పాలు పడలేదు. పద్మమ్మ గోడవైపు తిరిగి పడుకుని పిల్లను చూడదు, ఎవరితోనూ మాట్లాడదు. మేకపాలలో గుడ్డపీలిక ముంచి పిల్లకు పడుతున్నారు.

మా అత్త దాచి ఉంచిన బెల్లమంతా తీసి కుండెడు కాయం చేసింది. మా నాయన ఐలన్న ఆమె తమ్ముడు. బండి తోలింది ఆయనే కాబట్టి ఇక్కడి నుంచి కథ ఆయనది. మా నాయన అబద్ధం ఆడడు గానీ నిజం మీద కాస్త నెయ్యి వేసి వడ్డిస్తాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం నెయ్యి వేయలేదని ఎడ్ల మీద ఒట్టు పెట్టేవాడు.

కోదాడకు ఇవతల ఒక వాగు ఒడ్డున వచ్చేపోయే బండ్లను సోదా చేసే సర్కారు నాకా ఉండేది. దారికి అడ్డంగా ఒక కర్ర, ఒక గుడిసె, ఒక నులకమంచం, జమేదారు నర్సయ్య, గేమ్యా, హేమ్లా అని ఇద్దరు జవాన్లు. అంతే నాకా. జమేదారు బండి ఆపి కుండ మూత తీయించాడు. నల్లటి ముద్ద ఘాటు ముక్కుకు తగిలి తుమ్మాడు. ఇదేమిటంటే కాయమని మా అత్త చెప్పింది. ఒక్క బాలింతకు కుండెడు కాయమా, ఇది తుపాకిమందు అన్నాడతను. పక్కనున్న సాంబ్రాణి పొట్లం చూసి అనుమానం పెంచుకున్నాడు. కట్టుగుడ్డ విప్పిస్తే అది బండి దాటి, కర్ర దాటి, వాగులోకి దిగింది. ఇంత పొడుగు గుడ్డ జైలు గోడ దిగడానికి కాకపోతే దేనికని అడిగాడు.

పరీక్ష చేద్దామని చిటికెడు ముద్ద పొయ్యిలో వేయించాడు. నెయ్యికి మంట భగ్గున లేచింది, దంచగా మిగిలిన మిరియపు గింజ ఒకటి టప్పున పేలింది. నాకా మొత్తం బోర్లా పడుకుంది. మా అత్త ఒక్కతే నిలబడి ఉంది.

లేచి దుమ్ము దులుపుకుని, మందే అయితే తిని చూపించమన్నాడు జమేదారు. తిననంది మా అత్త. తింటే తనూ పథ్యం కూర్చోవాలి, మరి కూతురికి ఎవరు చేస్తారు? మా నాయనను తినమన్నాడు. పిల్లికి పట్టిన గతి కళ్ళారా చూసిన మా నాయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఇద్దరూ తిననంటే అనుమానం గట్టిపడక ఏమవుతుంది? జమేదారు గేమ్యాను తినమన్నాడు. పాపం, వాళ్ళు నెలల తరబడి జొన్నరొట్టె, కారం మీద బతుకుతున్నారు. గేమ్యా భయపడుతూ నాలికకు రాసుకున్నాడు. ఆ తర్వాత పిడికెడు తీసుకున్నాడు. ఒక్కడి సాక్ష్యం చాలదని హేమ్లా తిన్నాడు. పై అధికారికి ఏం చెప్పుకోవాలని జమేదారు తిన్నాడు. తనిఖీ సగం కుండదాకా సాగింది.

ఇక పొమ్మన్నారు కదా అని మా నాయన సంతోషంగా ఎడ్లను అదిలించబోయాడు. మా అత్త బండి దిగింది. హేమ్లా చెంబెత్తి చల్లనీళ్ళు తాగబోతుంటే ఆ చెంబును ఎగరగొట్టింది.

"కాయం తిని సల్లనీళ్ళు తాగుతవా? సస్తవురా కొడకా."

ఆ మాటకు జమేదారు మొహం పాలిపోయింది. ఆత్మకూరులో వాళ్ళ చిన్నమ్మ కాయం తిన్న రోజున చల్లనీళ్ళు తాగే పోయింది. అందరికీ తెలిసిన సంగతే. అప్పటికే అతనికి నెత్తిన చెమట, కడుపులో మంట. ఏం చేయాలని అడిగాడు. సర్కారు గొంతు కాదది, చిన్నపిల్లవాడి గొంతు.

మా అత్త ఏం చేయాలో అదే చేసింది. రోహిణి కార్తె ఎండలో గుడిసె తడికెలు మూయించింది, కుంపటి రాజేయించింది, ముగ్గురి చెవుల్లో దూది కుక్కి తలలకు తువ్వాళ్ళు చుట్టింది. కట్టు దగ్గర చిక్కొచ్చింది. గుడ్డ ఒక్కటే. కాన్పుగుడ్డ చింపకూడదు. కాబట్టి ముగ్గురినీ వీపులు ఆనించి నిలబెట్టి ఒకే గుడ్డ చుట్టి బిగించింది. ఇది ఆమె తెలివిగా ఆడిన నాటకమని మా ఊళ్ళో కొందరు చెప్పుకుంటారు. వట్టిమాట. నాటకమైతే వెంటనే బండెక్కి పోయేదిగా. తన కాయం తిన్న మనిషిని కట్టు లేకుండా వదిలి వెళ్ళడం ఆమెకు చేతకాలేదు, అంతే.

కట్టు అయ్యాక ఆమెకు కూతురు గుర్తొచ్చి బండి వైపు నడిచింది. పోతానంటే వాళ్ళు పోనీయలేదు. మమ్మల్ని వదిలేసి పోకు యాడీ అని గేమ్యా తన భాషలో అమ్మను పిలిచినట్టు పిలిచి ఏడుపందుకున్నాడు. ఆమె గుడిసె వైపు చూసింది, కోదాడ దారి వైపు చూసింది.

"నేనొక్కదాన్ని, బాలింతలు నలుగురైరి. ఒక్కకాడుంటేనే సూసుకుంట. బండెక్కుండ్రి."

అట్లా సర్కారు నాకా బండెక్కింది. తుపాకులు గడ్డి కింద పెట్టారు. పోయేముందు జమేదారు మా నాయన చేత దారికి అడ్డంగా ఉన్న కర్రకు తాళం వేయించాడు. వాళ్ళు తిరిగొచ్చేదాకా రెండు రోజులూ బండ్లన్నీ పక్క చేలోంచి పోయాయి. కోదాడ వీధిలోకి వచ్చేసరికి ఎవరో ముగ్గురు పోలీసులను కట్టేసి తెస్తున్నారనుకుని జనం తలుపులు మూసుకున్నారు. మా నాయనకు ఆ ఊళ్ళో చాలాకాలం మంచి పేరు ఉండేది.

వియ్యపురాలు ఆండాలమ్మ గడపలో నిలబడి నోరు తెరిచింది. వదినగారూ, వీళ్ళెవరండీ అని అడిగింది. బాలింతలని మా అత్త జవాబు చెప్పి, తోవ ఇమ్మంది. ముగ్గురూ ఒకేసారి గడప దాటలేక పక్కవాటుగా తిరిగారు. అప్పుడు గేమ్యా ముందు, జమేదారు వెనక, హేమ్లా మధ్యలో ఇరుక్కుపోయారు. చెవుల్లో దూది ఉంది కాబట్టి ఒకరు చెప్పేది ఒకరికి వినబడదు. జమేదారు మీసాల మీదుగా కాయం చెమట కారుతుంటే, చల్లగాలి లోపలికొస్తున్నది, తలుపెయ్యుండ్రి అని అరుస్తున్నాడు. తలుపులో ఉన్నది తామే.

లోపల మంచం మీద పద్మమ్మ గోడవైపు నుంచి ఇటు తిరిగింది. చాలాసేపు చూసింది. అమ్మా, వీళ్ళకు ఏం పిల్లలు పుట్టిండ్రే అని అడిగింది. అది కాన్పయ్యాక ఆమె ఆడిన మొదటి మాట. ఆ తర్వాత నవ్వు మొదలైంది. మొదట కిసుక్కున, ఆపైన ఆగకుండా, కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వింది. ఆ నవ్వులోనే ఎక్కడో ఏడుపు కలిసింది. తొలిబిడ్డ పోయినప్పుడు ఏడవని ఏడుపు అది. పక్కన పిల్ల ఉలిక్కిపడి కేరుమంది. పద్మమ్మ నవ్వుతూ ఏడుస్తూ పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. చూస్తుండగానే ఆమె రవిక తడిసింది.

పచ్చిబాలింత అంతలా నవ్వుతుంటే భయపడి ఆండాలమ్మ ఆపబోయింది. మా అత్త ఆమె చెయ్యి పట్టుకుంది.

"నవ్వనీ వదినా. నా బిడ్డను నవ్వనీ."

అని గోడకు ఆనుకుని నేల మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. అది ఏడుపో నవ్వో మా నాయనకు తెలియలేదు. ఆ ముగ్గురికి మాత్రం తలుపులో అట్లాగే చాలాసేపు గాలి తగిలింది. ఎవరికీ సన్ని కమ్మలేదు.

మా అత్త దీంతో మారిపోయిందనుకోకండి. కాయం, కుంపటి, చెవుల్లో దూది, అన్నీ చివరిదాకా నడిచాయి. ఏ ఇంట్లోనూ బాలింతను నవ్వనిచ్చింది లేదు. కానీ ఎక్కడైనా తల్లి బిడ్డను చూడకుండా గోడవైపు తిరిగి పడుకుందని తెలిస్తే మా నాయనకు కబురు పెట్టేది. ఆయన పోయి గడప బయట కూర్చుని, లోపలికి వినబడేట్టు ఈ నాకా కథ చెప్పేవాడు. కథ అయ్యేదాకా మా అత్త తన చెవుల్లో దూది పెట్టుకుని పెరట్లో కూర్చునేది.