మొట్టికాయలు తిన్న కార్డు

జాలరిపేట దగ్గరి ఐస్ ఫ్యాక్టరీలో కంప్రెసర్‌ను నడిపే ఎలక్ట్రానిక్ కార్డుకు ప్రోగ్రాం రాసింది నేను, టంకం పెట్టింది బావ. బావ అంటే చుట్టం కాదు. ఒకే స్టీల్ ప్లాంటులో ముప్ఫై ఏళ్లు నా పక్క బెంచీ మీద పనిచేసిన తగరపువలస మనిషి. రిటైరయ్యాక నేను డైరీలు సర్దుకుంటూ ఇంట్లో కూర్చున్నాను. అతను రిపేరు షాపు పెట్టుకున్నాడు.

కరెంటు పోయి వచ్చాక ఆ కార్డు ఒక్కోసారి లేచేది కాదు. ఆపరేటరు స్విచ్ కట్టేసి, రెండు మొట్టికాయలు వేసి, మళ్లీ స్విచ్ వేస్తే లేచేది. ఎక్కడో టంకం ఊడిందని అందరూ తేల్చేశారు. బావ మూడుసార్లు కొత్తగా పెట్టాడు. చివరికి ఓనరు, శుక్రవారంలోగా బాగవకపోతే కార్డు పీకేసి మరమ్మతుల పని వేరేవాళ్లకిస్తానన్నాడు. బావ షాపు నడిచేదే ఆ పని మీద.

బుధవారం పొద్దున్నే వచ్చాడు. "బావా, నీ పోగ్రాం ఓపాలి సూడు. నా టంకం గట్టిగుంది."

"నా ప్రోగ్రాంలో తప్పుంటే ఎప్పుడో బయటపడేది."

"అలాగే అను. నాను షాపు మూసీసి నీ డైరీలు మోత్తాను."

లాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ తెరిచాను. కార్డులోని పాత ప్రాసెసర్ ఎలా నడుచుకునేదో అచ్చం అలాగే నడిచే ప్రోగ్రాం అది. ఒక్కో ఆజ్ఞ దగ్గర ఆపి, లోపల ఏ గడిలో ఏ అంకె ఉందో చూడొచ్చు. ప్రతి అడుగూ డైరీలో రాసుకుంటూ నా ప్రోగ్రాంను అందులో రెండు వందల అడుగులు నడిపాను. ఎక్కడా తడబడలేదు.

"చూశావా?" అన్నాను, కాస్త గర్వంగానే.

బావ తెరకేసి చూస్తూ, "అన్ని సున్నాలేటి?" అన్నాడు.

"అది ఖాళీ మెమరీ."

"కార్డులోనూ సున్నాలే ఉంటాయేటి?"

నా పెన్ను ఆగింది. ఉండవు. కరెంటు రాగానే అసలు మెమరీలో ఏ చెత్తయినా ఉంటుంది. ఎమ్యులేటర్ మర్యాదగా అంతా తుడిచి ఇస్తుంది. ఈసారి మెమరీ నిండా ఇష్టమొచ్చిన అంకెలు నింపి మొదలుపెట్టాను. పదకొండో అడుగులోనే ప్రోగ్రాం ఒక గడిలోని చెత్తను చూసి, కంప్రెసర్‌ను ఆపమన్నారనుకుని, అక్కడే కూర్చుండిపోయింది.

మా ప్లాంటులో ఫర్నేసులు చల్లారవు, కార్డులకు కరెంటు ఆగదు. స్విచ్ వేసిన మొదటి క్షణం గురించి ఆలోచించే అలవాటే నాకు లేదు. ఐస్ ఫ్యాక్టరీకీ అలాగే రాశాను. మొట్టికాయల మహిమ ఏమీ లేదు. స్విచ్ ఆపి మళ్లీ వేసినప్పుడల్లా చెత్త మారేది, అంతే.

"తప్పు నాదే బావా."

"ఇంకోపాలి గట్టిగా అను. మా సెల్లెమ్మ కూడా ఇంటాది."

వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినిపించింది.

మొదట్లోనే మెమరీ తుడిచేలా ఐదు ఆజ్ఞలు చేర్చి చిప్‌లోకి ఎక్కించాను. గురువారం కంప్రెసర్ దెబ్బతినకుండా దాని తీగ విప్పి పక్కన పెట్టి, ఓనరు ఎదుటే కార్డును ఇరవైసార్లు ఆపి మళ్లీ వేశాం. ఇరవైసార్లూ లేచింది. టంకం తప్పు కాదు, నా రాత తప్పని నేనే చెప్పాను.

ఓనరు బావ వైపు తిరిగి, "పని నువ్వే చూసుకో. ప్రోగ్రాములు మాత్రం ఈయన చేత రాయించకు" అన్నాడు.

"ఏటి సెయ్యమంటారు బాబూ, ఈయన ఊరికే రాత్తాడు" అన్నాడు బావ.