పేర్ల చరణం

ముందుగా, నాకు ఖచ్చితంగా తెలిసినవి. ఆ ఆదివారం మా ఊరి చర్చిలో కోత పండుగ జరిగింది. మేమంతా అమ్మగారు అని పిలిచే పాస్టరు భార్య తన ఫోనుతో దాన్ని సంఘం ఛానెల్‌లో లైవ్ పెట్టారు. నల్లగొండ దవాఖానలో మా నాన్న బాపు మంచం పక్కన కూర్చుని నేను దాన్ని ఆయనకు నా ఫోనులో చూపించాను. మూడో చరణం సగంలో ఉండగా బొమ్మ పోయి తెర నల్లబడింది. ఈ పాట హక్కులు తమవని ఒక సంగీత కంపెనీ చెప్పినందువల్ల ప్రసారం ఆపివేశామని దానిమీద ఇంగ్లీషులో రాసి ఉంది. ఆ తెరను ఫొటో తీసి ఉంచుకున్నాను.

ఇక విన్నవి. కంపెనీ మనుషులు కారులో వచ్చి చర్చి ముందు నిలబడి బెదిరించారని ఊళ్లో చెప్పుకున్నారు. పాస్టరు మీద హైదరాబాదులో కేసు పడిందనీ అన్నారు. పాస్టరునే అడిగితే ఎవరూ రాలేదని, ఏ కాగితమూ అందలేదని చెప్పారు. కాబట్టి ఆ రెండింటినీ పక్కన పెట్టాను. మూడో మాట ఒకటుంది. అది బాపు గురించి. దాన్ని అంత సులువుగా పక్కన పెట్టలేకపోయాను.

నేను నీళ్లు పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తాను. బోరు నీళ్లు సీసాలో పట్టి తెచ్చిన ప్రతివాళ్లూ తమ నీళ్లు తియ్యగా ఉంటాయనే చెబుతారు. ఫ్లోరైడ్ నాలుకకు తెలియదు గనుక ఆ మాటను నేను లెక్కలోకి తీసుకోను. ఈ అలవాటు ఇంటికీ వచ్చేసింది. అమ్మ మాత్రం విసుక్కునేది కాదు, నవ్వేది. "దేవదూత వచ్చి నిలబడ్డా ఇది ఆధార్ కార్డు అడుగుతది" అనేది.

మా ఊరు నకిరేకల్ దగ్గర. మా తాతల కాలంలో మా వాడలో ఎవరికీ భూమి లేదు. కూలికి వచ్చిన గింజల్లోంచే పిడికెడు తెచ్చి కోత పండుగకు ఇచ్చేవారట. ఇప్పుడు కొందరికి ఎకరమో రెండెకరాలో ఉన్నాయి, కొందరికి నౌకరీలున్నాయి. బియ్యం, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. తర్వాత వాటిని వేలం వేస్తారు. వేలానికి ముందు ఒక పాట పాడతారు. మొదటి మూడు చరణాలు వానకు, మట్టికి, పనిచేసిన చేతులకు కృతజ్ఞతలు. నాలుగో చరణానికి స్థిరమైన మాటలు లేవు. ఆ ఏడాది సంఘంలో చనిపోయినవాళ్ల పేర్లే ఆ చరణం. పాడేవాళ్లు ఒక్కో పేరు పలుకుతారు. ప్రతి పేరు తర్వాత చర్చి అంతా "ఇల్లు చేరె" అంటుంది. కళ్లం నుంచి ఇంటికి వచ్చిన ధాన్యం గురించి అనే మాటే అది. ఒక పేరును ఒక్కసారే పాడతారు. మళ్లీ పాడకూడదు.

నాకు తెలివి వచ్చినప్పటినుంచి ఆ పేర్లు పాడింది బాపు. అంతకుముందు మా అవ్వ, బాపు తల్లి. పాట కట్టింది కూడా అవ్వేనని మా మేనత్త అంటుంది. నాకు దానికి రుజువు దొరకలేదు.

ఆ ఏడాది వానకాలంలో అమ్మ చనిపోయింది. పండుగ నాటికి బాపు ఊపిరితిత్తులు చెడి దవాఖానలో ఉన్నాడు. ఇంటికి తీసుకుపోతామంటే డాక్టరు వద్దన్నాడు. ఆక్సిజన్ తీస్తే దారిలోనే కష్టమన్నాడు.

"పేర్లు మీ అత్త పాడుతది. మీ అమ్మ పేరు ఎట్ల అంటదో వినాలె" అన్నాడు బాపు.

"వీడియో ఉంటది బాపూ. తర్వాతనన్న చూడొచ్చు."

"తర్వాత గాదు బిడ్డా. అందరు 'ఇల్లు చేరె' అన్నప్పుడు నేను గూడ అనాలె గద."

ఆయన అడిగింది అదొక్కటే.

ఆదివారం టిఫిన్ డబ్బాకు ఫోను ఆనించి పెట్టాను. తెర మీద గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు కనబడ్డాయి, వాటి వెనక తెల్లచీరలో అత్త. అత్త పాట ఎత్తుకోగానే బాపు మాస్కు కొంచెం పక్కకు జరిపాడు.

"శ్రుతి ఎక్కువ పెట్టింది. మూడో చరణంల ఎగపోస్తది చూడు."

పక్క మంచం మీద ఒక రైతు ఉన్నాడు. అతని భార్య మెడ చాచి తెర వైపు చూసింది. "గా కోళ్లు ఎప్పుడమ్ముతరు పెద్దాయనా?"

"పాట అయినంక. నీకు కావాల్నా?"

"మా ఆయిన లేచి కూసుంటే కొంట. లేకుంటే వండి ఎవరికి పెట్టాలె."

బాపు నవ్వబోయి దగ్గాడు. నేను మాస్కు సరిచేశాను. రెండో చరణం అయింది. మూడోదానిలో అత్త నిజంగానే ఊపిరి చాలక ఎగపోసింది. బాపు వేలు ఎత్తి నాకు చూపించాడు. ఆ వేలు దించకముందే తెర నల్లబడింది.

"నెట్టు పోయిందా బిడ్డా?"

"లేదు బాపూ. ఎవరో కంపెనోళ్లు ఈ పాట మాది అన్నరట."

ఆయన మాస్కు మళ్లీ పక్కకు జరిపాడు. "మన పాటనా?"

"మీ దేవుని పాట గూడ కంపెనోళ్లదేనా? ఇగ మా బోనాల డప్పు గూడ మాదంటరేమో" అంది పక్క మంచం ఆమె.

నేను అమ్మగారికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. అత్తకు చేశాను. ప్రార్థనలో ఫోను దగ్గర పెట్టుకోదు. తెలిసిన ప్రతి నంబరుకూ చేశాను. అక్కడ అందరూ పాడుతున్నారు. చివరికి బాపే అన్నాడు, "అయిపోయింది తియ్యి బిడ్డా. ఫోను పక్కన పెట్టు."

సాయంత్రం అత్త దొరికింది.

"బందైందని మాకు ఎర్కనే లేదు బిడ్డా. పేర్లప్పుడు అందరం కండ్లు మూసుకుంటం గద."

"అమ్మ పేరు పాడినవా?"

"అందరికన్న ముందు పాడిన."

"ఇప్పుడు ఫోనుల ఒక్కసారి పాడు అత్తా. బాపు వింటడు."

"ఒక మనిషిని రెండుమార్లు ఇల్లు చేర్చరు బిడ్డా. అయినా పెద్దమనుషులను అడుగుత. సరే అంటే నేనే దవాఖానకొచ్చి పాడుత."

నేను వాదించలేదు. ఆమె స్థానంలో బాపు ఉన్నా అదే మాట అనేవాడు. సంఘ పెద్దలు ఒప్పుకున్నారు. అత్త మరి ఇద్దరు ఆడవాళ్లను తోడు తీసుకుని ఆటోలో వచ్చేసరికి బాపు మంచం మీద దుప్పటి మార్చేశారు.

బాపును మట్టి చేసిన తర్వాత నేను ఆ కంపెనీ పాటను వెతికి విన్నాను. స్టూడియోలో పాడిన గొంతు, వెనక కీబోర్డు. మూడు చరణాలూ మావే, ఒకటి రెండు మాటలు తేడా. నాలుగో చరణం లేదు. దాని బదులు మొదటి చరణాన్నే మళ్లీ పాడారు. ఆ పాట వాళ్ల చేతికి ఎలా చేరిందో చెప్పలేను. చాలా ఏళ్ల కింద టేప్ రికార్డరుతో ఒకాయన వచ్చి, మా ఇంట్లోనే అన్నం తిని, పాట పట్టుకుపోయాడని అత్త అంటుంది. తర్వాత క్యాసెట్టు కూడా వచ్చిందంటుంది. ఆ క్యాసెట్టు మా వాడలో ఏ ఇంట్లోనూ దొరకలేదు. హక్కులు పట్టే యంత్రం మా పాటను పోల్చుకుందా, మా చర్చిలో వెనక మోగిన కీబోర్డును పోల్చుకుందా అన్నది కూడా ఆ నోటీసును బట్టి తెలియదు.

ఛానెల్ అమ్మగారిది గనుక అభ్యంతరం ఆమె పేరుతోనే పెట్టాలి. ఆమె భయపడ్డారు. "ఇంక రెండుమార్లు గిట్లయితే ఛానలే తీసేస్తరట. బొంబాయిల పనికి పోయినోళ్లకు ఆదివారం ప్రార్థన అంటే గిదే." ఆ భయం ఉట్టిది కాదు. నియమాలు చదివి చూశాను. అయినా ఇద్దరం కూర్చుని అభ్యంతరం పంపాం. పాట ఎవరు రాశారన్న చోట "తెలియదు, మా సంఘం తరతరాలుగా పాడుతోంది" అని రాశాను. అవ్వ పేరు రాయమని అత్త అడిగింది. రాయలేనన్నాను. అత్త తల తిప్పుకుంది.

కొన్ని వారాల తర్వాత ఒక్క వాక్యం వచ్చింది. కంపెనీ తన హక్కు ప్రకటనను వెనక్కి తీసుకుంది. కారణం చెప్పలేదు. వీడియో తిరిగి కనబడింది. మూడో చరణం సగం దాకా ఉంది. ఆ తర్వాతిది ఎవరి దగ్గరా రికార్డు కాలేదు గనుక తిరిగి రావడానికి ఏమీ లేదు.

మరుసటి ఏడు కోత పండుగలో పాటకు ముందే అమ్మగారు ఫోను ఆపేశారు. పెద్దల తీర్మానం అది. అత్త బాపు పేరు పాడింది. "ఇల్లు చేరె" అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ సాయంత్రం బొంబాయి నుంచి మా చిన్నాయిన కూతురు ఫోన్ చేసింది.

"పెదబాపు పేరు పాడిన్రా అక్కా?"

"పాడిన్రు."

"ఎట్ల పాడిన్రు?"

పేరు పాడారని చెప్పగలను. ఎలా పాడారో చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. బాపు వినాలనుకున్నదీ అదే.

ఇక ఆ మూడో మాట. ఆటోలో వచ్చిన రోజు దవాఖాన వరండాలో మా అత్తకు పక్క మంచం ఆమె చెప్పిందట, ఫోను ఆగిపోయాక బాపు కళ్లు మూసుకుని మిగతా పాట తానే పాడుకున్నాడని, భార్య పేరు పలికి "ఇల్లు చేరె" అన్నాడని. మా ఊరంతా దీన్ని నమ్ముతుంది. అత్త ప్రతి ప్రార్థన కూటంలోనూ చెబుతుంది. కానీ ఆమె ఆ మాట చెప్పేసరికే అత్త మా అమ్మ పేరు పెట్టి ఏడుస్తూ పాట సంగతంతా ఆమెకు చెప్పేసింది. ఆమె విన్నది చెప్పిందో, అత్తకు కావలసింది చెప్పిందో విడదీయలేను. తర్వాత ఆమెను వెతుక్కుంటూ వెళ్లాను. భర్తను ఇంటికి తీసుకుపోయిందని చెప్పారు. ఏ ఊరో ఎవరూ చెప్పలేకపోయారు.

నేను చూసింది ఇంతే. నంబర్లు నొక్కుతూ ఒకసారి తల ఎత్తాను. బాపు కళ్లు మూసుకుని ఉన్నాడు. మాస్కు లోపల ఆవిరి కమ్ముతూ పోతూ ఉంది. దవడ కదులుతోంది. ఊపిరి అందనివాళ్లకు కూడా దవడ అలాగే కదులుతుంది. ఆక్సిజన్ చప్పుడులో గొంతు ఏదీ వినబడలేదు. ఆయన ఆ పేరు పలికాడా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. మాస్కు మీదికి వంగి ఉంటే తెలిసేదేమో. ఆ క్షణంలో నేను మళ్లీ ఫోను వైపు తిరిగాను.