కిషన్‌రావు వాయించని బిట్టు

ఆక్లాండ్‌లో న్యూ లిన్ స్టేషన్ పక్క అపార్ట్‌మెంట్లలో ఉండే కిషన్‌రావు వారమంతా సిటీ బస్సు నడుపుతాడు, సెలవు దొరికినప్పుడు ఇతరుల పాటలకు గిటార్ వాయిస్తాడు. ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే మాత్రం రెండోదే చెబుతాడు. బస్సు నడపడం అందరికీ కళ్లెదుట కనబడేదే గనక దాని గురించి చెప్పుకోవాలని అతనికి ఎన్నడూ తోచలేదు. గిటార్ సంగతి అలా కాదు. సోల్, జాజ్, పాప్ అన్న తేడా లేకుండా, ఈ దేశంలో జనం ఇప్పటికీ వింటున్న పాత ఆల్బమ్‌లు కొన్ని అతని చేతి మీదుగా వెళ్లినవే. కాకపోతే వాటిలో అతనెక్కడున్నాడో వెతకడం పప్పుచారులో ఇంగువ ఎక్కడుందో వెతకడం లాంటిది.

శాండ్రింగ్‌హామ్‌లో రమామణి ఆంటీ నడిపే కిరాణా కొట్లో రేడియో ఎప్పుడూ మోగుతుంటుంది. కిషన్‌రావు కందిపప్పు సంచి భుజానికెత్తుకున్నవాడల్లా ఉన్నట్టుండి వేలు పైకెత్తుతాడు.

"ఆంటీ, ఆగుండ్రి! గిదే, ఇప్పుడొస్తది... అదే నేను!"

"ఏది నాయనా? ఆ పిల్ల పాడేది తప్ప నాకేం వినపళ్ళేదే."

"అయిపాయె. మీరు మాట్లాడుతనే ఉంటిరి."

ఆంటీది నెల్లూరు. జాలిగుండె. ఓ కొత్తిమీర కట్ట ఊరికే సంచిలో పడేసి పంపిస్తుంది.

నిజానికి ఆ పనికి అదే మర్యాద. పాడే మనిషి వెలగాలి. వెనక వాయించేవాడు ఉన్నట్టు తెలియకూడదు, లేకపోతే మాత్రం ఏదో వెలితిగా ఉండాలి. కిషన్‌రావు ఈ ధర్మం కొత్తగా వచ్చిన కుర్ర వాయిద్యగాళ్లకు గంటలకొద్దీ బోధిస్తాడు. తను మాత్రం ఆ ధర్మానికి ఏనాడూ మనసారా ఒప్పుకోలేదు.

అతను గిటార్ నేర్చింది కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో, పక్కింట్లో ఉండే గూడ్సు గార్డు దగ్గర. కంప్యూటర్ డిప్లొమా అంటూ ఆక్లాండ్ వచ్చి, చదువు సాగినంతకాలం ఒక డైరీలో కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. ఇక్కడ వీధి మూల ఉండే చిన్న కొట్టును డైరీ అంటారు. పాలు, రొట్టె, పేపరు, మిఠాయి అన్నీ దొరుకుతాయి. ఆ డైరీ వెనక షెడ్డులో ఒక రికార్డింగ్ స్టూడియో ఉండేది. ఒకరోజు గిటార్ వాయించాల్సిన మనిషి రాలేదు. పాల కోసం వచ్చిన స్టూడియో ఆయన, కౌంటర్ వెనక కుర్రవాడు గిటార్ మీటుకుంటుంటే విని, కొట్టు తాళం వేయించి మరీ లాక్కుపోయాడు. డిప్లొమా ఏమైందో ఎవరూ అడగలేదు, కిషన్‌రావూ చెప్పలేదు.

అలా చేరిన చోటే, ఇరవై ఏళ్ల కిందట, మీరియానా అనే గాయని తొలి ఆల్బమ్‌కు వాయించాడు. ఆవిడ గిస్బర్న్ వైపు నుంచి వచ్చిన మావోరీ, అంటే ఈ దేశపు మూలవాసుల ఆడపిల్ల. అప్పటికి పేరేం లేదు. ఆరో పాటలో, రెండో చరణం తర్వాత కాస్త ఖాళీ వదిలి, "అక్కడ నీ ఇష్టమొచ్చింది వాయించుకో" అన్నారు. వెనక వాయించేవాడికి ఇలాంటి మాట జన్మకోసారి వినబడుతుంది. కిషన్‌రావు తిండి మాని, నిద్ర మాని ఒక బిట్టు కట్టాడు. చిన్నదే, కానీ అంత మంచిది అంతకు ముందు తన చేతికి రాలేదని అతనికి తెలుసు.

రికార్డింగ్ రోజు పొద్దున్నే కొత్తగా కాపురానికొచ్చిన అతని భార్య విజయ కారం పట్టింది. ఎండుమిరపకాయలు వేయించి మిక్సీలో వేసేసరికి పొగ అలారం కూసింది, పై ఫ్లాట్ వాళ్లు దగ్గుతూ బాల్కనీలోకి వచ్చారు. కిషన్‌రావు తొడుక్కోవాల్సిన చొక్కా ఆ వంటింటి కుర్చీ మీదే ఉంది.

స్టూడియోలో అతను కూర్చున్నది తలుపు బిగించిన చిన్న గాజు గది. రెండో చరణం ముగిసింది. బిట్టు అందుకుందామని చెయ్యి లేపేసరికి చొక్కాలోంచి ఘాటు లేచి నేరుగా ముక్కుకెక్కింది. మైకు ముందు తుమ్మితే పాటంతా పాడైపోతుంది. తీగలు మీటాల్సిన చేత్తోనే ముక్కూ నోరూ గట్టిగా మూసుకున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. తుమ్ము ఆగింది. బిట్టూ ఆగిపోయింది. మీరియానా మూడో చరణం ఎత్తుకుంది.

పాట అయ్యాక, ఇంకొక్కసారి వాయిస్తానని బతిమాలాడు. మీరియానా హెడ్‌ఫోన్లు తీసేసి, "చాలు, ఇదే ఉంచండి" అని ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయింది. కొత్త కుర్రవాడి మాట ఎవరు వింటారు?

ఆ పాట దేశమంతా మోగింది. పెళ్లిళ్లలో పెట్టారు, చావు ఇళ్లలో పెట్టారు, సూపర్ మార్కెట్లో ఉల్లిపాయలు ఏరుకునే చోటా పెట్టారు. అందరూ మెచ్చుకున్నది మాత్రం ఆ ఖాళీనే. ఆ మౌనంలో సముద్రమంత దుఃఖం ఉందని ఒక పత్రికాయన రాశాడు.

"దుఃఖం గాదురా అయ్యా, మిరప్పొడి!" అని కిషన్‌రావు పేపరు విసిరికొట్టాడు. "నేను వాయించిందంతా ఇడిసిపెట్టి, వాయించందాన్ని పొగుడుతరేందే వీళ్లు?"

"గా ఖాళీ నీదెట్లయితది?" అంది విజయ. "కారం పట్టింది నేను. పేరు రావాల్నంటే నాకు రావాలె."

వాయించని బిట్టు మాత్రం అతని వేళ్లలోనే ఉండిపోయింది. తెలుగువాళ్ల పిల్లల మొదటి పుట్టినరోజులకు, గృహప్రవేశాలకు, పౌర్ణమి వ్రతాలకు కిషన్‌రావు గిటార్ వెంట తీసుకెళ్లేవాడు. భోజనాలయ్యాక, "ఇది అసలు గా పాటల ఉండాల్సింది" అని మొదలుపెట్టి వాయించేవాడు. ఎక్కడో దూరాన లోవర్ హట్‌లో ఉండే తోడల్లుడి ఇంటికి వెళ్లినా తప్పలేదు. జనం చప్పట్లు కొట్టి పాన్ కోసం లేచేవారు. పాట నుంచి ఊడదీసిన బిట్టు ఒట్టి బిట్టే. దాన్ని దాని చోట ఒక్కసారి వినిపించి చావాలన్నదే అతని బతుకులో మిగిలిన కోరిక.

ఈ ఏడాది ఆ అవకాశం వచ్చింది. ఆల్బమ్‌కు ఇరవై ఏళ్లు నిండాయని, మొదటి పాట నుంచి చివరి పాట దాకా వేదిక మీద పాడతానంది మీరియానా. ఆనాడు వాయించిన వాళ్లందరికీ పిలుపు వచ్చింది. సంగీతం చూసుకునేవాడు కేలబ్ అని, కాలేజీలో సంగీతం చదివిన తెల్లకుర్రాడు. రికార్డులో ఉన్నది ఉన్నట్టు కాగితం మీద దించాడు. ఆరో పాట రిహార్సల్‌లో ఆ ఖాళీ రాగానే చెయ్యెత్తి ఆపాడు.

"ఇక్కడ ఊరికే ఆగితే సరిపోదు సర్. రికార్డులో మీరు ఆగినప్పుడు లోపల ఏదో విరిగినట్టుంటుంది. ఇప్పుడు అది రావడం లేదు."

తన మౌనం తనకే రావడం లేదని విన్నాక కిషన్‌రావుకు ఒళ్లు మండింది. అక్కడ మౌనం కాదు, ఒక బిట్టు ఉండాలని వాయించి చూపించాడు. బాగుందని కేలబ్ ఒప్పుకున్నాడు. కానీ అక్కడ ఒక్క స్వరం పడినా జనం తమను బతకనివ్వరని చేతులు జోడించాడు. కిషన్‌రావు తలూపాడు. స్టేజి ఎక్కాక తన చెయ్యి ఎవడొచ్చి పట్టుకుంటాడో చూద్దామని లోపల అనుకున్నాడు.

విజయ ఊరంతా చెప్పింది. ఆదివారం మధ్యాహ్నం థియేటర్ మూడో వరుస నిండా మనవాళ్లే. రమామణి ఆంటీ కొట్టుకు తాళం వేసి పట్టుచీరలో వచ్చింది.

"ఆ బిట్టే కదమ్మా? మాకు నోటికొచ్చు. నిద్దట్లో లేపినా పాడతాం" అంది.

"ఇయ్యాల దాని జాగల అది వినవడ్తది ఆంటీ, సూడుండ్రి" అంది విజయ. ఇన్నేళ్లూ ఎంత ఆటపట్టించినా, ఆ బిట్టు మోగాలని ఆమెకూ ఉంది.

ఐదు పాటలయ్యాయి. ఆరోదానికి ముందు మీరియానా మైకు పట్టుకుని ఆగింది. జుట్టు నెరిసింది, మనిషి ఒడిలింది. కిషన్‌రావు వైపు చెయ్యి చాపింది.

"ఈ పాట రికార్డు చేసే ముందు వారమే మా అమ్మను పాతిపెట్టి వచ్చాను. స్టూడియోలో ఎవరికీ చెప్పలేదు. రెండో చరణం అయ్యేసరికి నా గొంతు పూడుకుపోయింది, పాట వదిలేసి వెళ్లిపోదామనుకున్నాను. తలెత్తి చూస్తే, గాజు అవతల ఈయన వాయించడం మానేసి, చేత్తో ముఖం కప్పుకుని ఏడుస్తున్నాడు. నా పేరు తప్ప ఏమీ ఎరగని మనిషి. నాకోసం ఏడ్చేవాడు ఒకడున్నాడనే ధైర్యంతోనే మిగతా చరణం పాడాను. థాంక్యూ కిష్. ఇరవై ఏళ్లు ఆలస్యంగా చెబుతున్నాను."

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కిషన్‌రావు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గిటార్ తీగలు సరిచూసుకుంటున్నట్టు నటించాడు. మూడో వరుసలో విజయ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. నవ్వు వస్తోందో ఏడుపు వస్తోందో ఆమెకే తెలియలేదు.

పాట మొదలైంది. మొదటి చరణం అయింది, రెండోదీ అయింది. కిషన్‌రావు వేళ్లు తీగల మీద సిద్ధంగా ఉన్నాయి. బిట్టు మొదటి స్వరం వేలికొనకు వచ్చి కూర్చుంది. రమామణి ఆంటీ మెడ సాచింది. మీరియానా అతని వైపే తిరిగి నిలబడింది. ఆమె గొంతు మళ్లీ అదే చోట పూడుకుపోయింది. ఈసారి అతను తొడుక్కున్నది ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా. చేతికి అడ్డం ఏమీ లేదు.

అతను చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

అప్పుడు ఆమె ఊపిరి వినబడింది. కొండెక్కి వచ్చిన మనిషి తీసుకున్నట్టు, మెల్లగా, వణుకుతూ. రికార్డులోనూ అది ఉండే ఉంటుంది. ఆ చోటు వచ్చిన ప్రతిసారీ తన బిట్టే తన చెవుల్లో మోగడం వల్ల కిషన్‌రావు దాన్ని ఎన్నడూ వినలేదు. అతనికి సిగ్గేసింది. ఆ వెంటనే ఏడుపు వచ్చింది, ఈసారి నిజంగానే.

మీరియానా మూడో చరణం ఎత్తుకుంది. అమ్మ గురించిన చరణం. ఇంత మంచి పాటకు తను వాయించాడని అతనికి ఇవాళే తెలిసింది. అతను గిటార్ మళ్లీ అందుకోవాల్సిన చోటు వచ్చింది, దాటిపోయింది. కేలబ్ కళ్లురిమి చేతులూపుతున్నాడు. కిషన్‌రావు చూడలేదు. అతను పాట వింటున్నాడు.