ఖలాస్ అనే ఫోల్డరు

కరోనా సద్దుమణిగి తరగతులు మళ్ళీ మొదలైన ఏడాది నేను ఒమాన్ దేశపు సోహార్‌లోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సీనియర్ లెక్చరర్‌ని. చివరి సంవత్సరం విద్యార్థులు బృందాలుగా చేసే ప్రాజెక్టులకు ఒక క్లౌడ్ స్టోరేజీ ఎంపిక చేసే పని నాకు అప్పగించారు. అప్పటిదాకా ఫైళ్ళన్నీ ఫోన్ గ్రూపుల్లో, పెన్‌డ్రైవుల్లో తిరిగేవి. అసలు ప్రతి ఏదని అడిగితే నలుగురూ నాలుగు చూపించేవారు.

మా విభాగాధిపతి మనసు ఎక్కువ జాగా ఉచితంగా ఇచ్చేదాని మీద ఉంది. నాకది నచ్చలేదు. అందులో ఫైలు ఒక విద్యార్థి సొంత ఖాతాలో ఉంటుంది, ఆ ఒక్కరూ తీసేస్తే అందరికీ పోతుంది. ఫోల్డరు కాలేజీ పేరున ఉండాలని, తీసేసిన ఫైలు కొన్నాళ్ళయినా రీసైకిల్ బిన్‌లో నిలవాలని పట్టుబట్టాను. ఇల్లు చూడ్డానికి వెళ్ళి తాళం చూసే రకం మీరు అని ఆయన వేళాకోళం చేశారు. అవునన్నాను. చివరికి నా మాటే నెగ్గింది.

తక్కువ జాగా కదా, త్వరగానే నిండింది. పాతవి తీసేయమని ల్యాబ్ టెక్నీషియన్ రాజేందర్‌కు ఆఫీసు నుంచి ఆదేశం వెళ్ళింది. జగిత్యాల మనిషి, చెప్పిన పని ఆగకుండా చేస్తాడు. గురువారం డ్యూటీ దిగేలోపే తీసేశాడు. శుక్ర, శనివారాలు సెలవు. ఆదివారం ప్రాజెక్టుల పరీక్ష.

ఆ ఉదయం మరియం అనే విద్యార్థిని నా గదికి పరుగెత్తుకొచ్చింది. వాళ్ళ బృందం ఫోల్డరు కనిపించడం లేదు. ప్రాజెక్టు పాసైతేనే ఆమెకు పట్టా, పట్టా చూపిస్తేనే పోర్టులో ఖాయమైన ఉద్యోగం. రాజేందర్‌ను పిలిపించాను.

"నేనే తీసేసిన మేడమ్. దానిమీద ఖలాస్ అని రాసున్నది గద! పని ఒడిసింది, ఇగ అక్కర లేదనుకున్న."

పూర్తయిందని చెప్పడానికి ఇక్కడివాళ్ళు వాడే అరబిక్ మాట అది. మరియం బృందం తమ తుది ప్రతికి గర్వంగా ఆ పేరు పెట్టుకుంది. రాజేందర్‌కేమో దాని పని అయిపోయిందని అర్థమైంది. నాకు నవ్వొచ్చింది, మరియం ముఖం చూసి ఆపుకున్నాను.

అడ్మిన్ ఖాతా తెరిచి, రీసైకిల్ బిన్‌లోంచి ఫోల్డరును వెనక్కి తెచ్చాను. నా టేబుల్ మీద టీ ఇంకా వేడిగానే ఉంది.

"ఖలాస్, మిస్?" అంది మరియం, నమ్మలేనట్టు.

"ఖలాస్. ఇక పరీక్షకు వెళ్ళు."

పాసైంది. ఇకమీదట ఫైళ్ళకు ఏ పేర్లు పెట్టాలో నియమాలు రాయమన్నారు విభాగాధిపతి. నేను రాయలేదు. తీసేసే అనుమతి టెక్నీషియన్లకు లేకుండా చేసి, ఏ బృందం ఫోల్డరుకు ఆ బృందానికీ, నాకూ మాత్రమే ఉంచాను. పదిమంది కలిసి వాడే స్టోరేజీ ఎంచుకునేవారు ముందు అడగాల్సింది రెండే: తీసేసే అధికారం ఎవరిది, తీసేసింది తిరిగి వస్తుందా. ఎంత జాగా ఇస్తుందన్నది ఆ తరవాత.

పిల్లలు ఆ తరవాత కూడా ఖలాస్ అనే పేరే పెట్టారు. నేనున్నన్నాళ్ళూ ఒక్కటీ పోలేదు.