నాలుగో మెట్టు నిరాశ

మా ఉత్తరాల విభాగపు పెద్దగుమాస్తాగారికి జీవితంలో కోపం రాలేదు, వచ్చినదల్లా నిరాశే. దానికీ ఆయన నాలుగు మెట్లు కట్టుకొన్నారు: "ఆశించిన స్థాయిలో లేదు", "విచారకరం", "నిరాశ కలిగించినది", చివరకు "తీవ్రమైన ఆశాభంగం". ఇరవై రెండేళ్లు ఆయన పక్క బల్ల దగ్గర కూర్చుని వెళ్లే ఉత్తరాలను సరిచూసి నకళ్లు రాసిన నేను, నాలుగో మాట ఆయన నోట వినలేదు.

ఒకనాడు పైకప్పు నుండి ఫ్యాను ఊడి ఆయన బల్లమీద పడింది. ఆయన కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకొని, "విచారకరం," అన్నారు.

"ప్రాణం పోయేదండీ! రెండో మెట్టేనా?"

"తప్పింది కదండీ. తగిలితే మూడోది."

ఇంట్లోనూ అదే కొలబద్ద. నేను భోజనానికి వెళ్లిననాడు ఆయన భార్య ఆయన్ని అడిగారు: "కూర ఎలా ఉందండీ?"

"ఆశించిన స్థాయిలో లేదు."

"మీ సంబంధం వచ్చినప్పుడు మా నాన్నా అదే మాటన్నాడు. సర్దుకోలేదూ? తినండి."

ఆయన తిన్నారు. రెండోసారి వడ్డించుకొన్నారు కూడా.

"ఆ నాలుగోది ఎవరికోసం దాచారండీ?" అని ఒకసారి అడిగాను.

"తగినవాడు ఇంకా దొరకలేదండీ."

ఆ మెట్లన్నీ ముసాయిదాల అంచుల్లో పెన్సిలుతో రాయడం ఆయన అలవాటు. అయితే ఎవరి సర్వీసు పుస్తకంలోనూ ఒక్కటీ ఎక్కించి ఎరుగరు.

అటువంటి విభాగానికి ఆరునెలల తాత్కాలిక నియామకంపై ఒక టైపిస్టు వచ్చింది. ఇద్దరు పిల్లల చదువు ఆమె ఒక్కరి మీదే. కాగితం మీద ఉన్నది చుక్క పొల్లుపోకుండా కొట్టడం ఆమె సుగుణం. ఆ సుగుణమూ, ఈ పెన్సిలూ ఒక రోజు ఎదురుపడ్డాయి.

డైరెక్టరుగారు కొత్త నిబంధనలు పంపారు. జవాబుకు ముసాయిదా నేను రాశాను. నా భాష నచ్చక పెద్దగుమాస్తాగారు అంచులో తమ అభిప్రాయం రాశారు. ఆమె కొట్టింది. ముసాయిదాతో పోల్చి, అక్షరం తప్పలేదని తృప్తిపడి, నేను పొడి సంతకం చేశాను. నా సంతకాన్ని నమ్మి ఆయన చదవకుండానే తమ సంతకం చేశారు. ఉత్తరం ఇలా వెళ్లింది:

"తమరు పంపిన నూతన నిబంధనలు అందినవి. ఆశించిన స్థాయిలో లేదు. భాష మెరుగుపరచుకొనవలెను."

మూడో రోజున తాఖీదు వచ్చింది: బాధ్యులెవరో తక్షణమే తెలియజేయవలెను. ఆమె ఉద్యోగం పొడిగించే ఫైలు కూడా ఆ డైరెక్టరుగారి బల్లమీదే ఉంది.

"ఉన్నది కొట్టడమే కదండీ నా పని? ఇప్పుడు నన్ను తీసేస్తారా?" అని ఆమె కళ్లు తుడుచుకొంది.

పెద్దగుమాస్తాగారు తాఖీదు రెండుసార్లు చదివారు. ఏ మెట్టూ ఎక్కలేదు. కళ్లద్దాలు తుడుచుకొని, "రాసుకోండి," అన్నారు నాతో.

"ఆ వాక్యములు నావి. టైపు చేసినవారు ఉన్నది ఉన్నట్లు చేసిరి. సరిచూచినవారు ఉన్నది ఉన్నట్లు సరిచూచిరి. వ్రాయరానిచోట వ్రాసినది నేను. చదువక సంతకము చేసినది నేను. నా పనితీరు నాకు తీవ్రమైన ఆశాభంగము..."

నా కలం ఆగిపోయింది. "అయ్యా, ఇది నాలుగోది!"

"రాయండి. తగినవాడు దొరికాడు."

ఆయన సర్వీసు పుస్తకంలో మందలింపు ఎక్కింది, సిరాతో. ఆ వారంలోనే ఆమె ఉద్యోగానికి పొడిగింపు ఉత్తర్వు వచ్చింది.

మర్నాడు ఆయన ఆమెకు ఒక ముసాయిదా ఇచ్చారు. అంచులు తెల్లగా ఉన్నాయి. దానికి గుండుసూదితో గుచ్చిన చీటీ మీద ఇలా ఉంది: "ఆశించిన స్థాయిలో లేదు. ఇది టైపు చేయరాదు."

ఆమె చీటీని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏమండీ, 'ఇది టైపు చేయరాదు' అన్నారే, అది టైపు చెయ్యాలాండీ?"

ఆయన కళ్లద్దాల మీదుగా ఆమెను చూశారు.

"ఈ ప్రశ్న," అన్నారు, "ఆశించినదానికంటే బాగుంది."

ఆ కొలబద్దకు పైవైపునా ఒక మెట్టు ఉందని ఇరవై రెండేళ్లకు మాకు తెలిసివచ్చింది.